ఇంగ్లండు పేరు బిబిసి ఎందుకు పలకదు?

కల్యాణ మండపం లెక్కల గురించి రాస్తానని పోయిన వారం చెప్పినాను. అది వచ్చే వారం రాస్తాను. ఈ వారం ఇంకొక సంగతి మనసులో తిరుగుతా ఉంది. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మా మేనకోడలి కుటుంబం ఇంగ్లండులో లెస్టర్ అనే ఊరిలో ఉంది. దాని కొడుకు అక్కడే పుట్టినాడు, వాడికి పన్నెండేళ్ళు. ఆదివారం ఆదివారం నాకు ఫోను చేస్తాడు. మొన్న ఫుట్‌బాల్ సంగతి వచ్చి, ఇంగ్లండు గెలవాలి తాతా అని ఒకటే ఆరాటం. నేను ఊరికే, "అయితే నువ్వు ఇంగ్లీషువాడివే కదరా" అన్నాను. వాడు టక్కున "కాదు తాతా, నేను బ్రిటిష్" అన్నాడు. తేడా ఏమిరా అంటే చెప్పలేకపోయినాడు. వాళ్ళమ్మ ఫోను తీసుకొని, "ఇంగ్లీష్ అంటే తెల్లవాళ్ళు మామా. మనం బ్రిటిష్ అనే చెప్పుకుంటాము" అనింది.

వాడు పుట్టింది ఇంగ్లండులో, కేకలు వేసేది ఇంగ్లండు జట్టుకు. అయినా ఆ పేరు మాత్రం వాడిది కాదంట. అక్కడినుంచి పట్టుకొని నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టినాను. చదివే కొద్దీ వాళ్ళ ప్రజా ప్రసార సంస్థ బిబిసి మీద ఇంగ్లీషువాళ్ళలో చాలామందికి ఉన్న ఒక కోపం తెలిసింది. స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండు పేర్లు గౌరవంగా పలికే బిబిసి ఇంగ్లండు పేరు చెప్పడానికి మాత్రం సిగ్గుపడుతుంది అని వాళ్ళ మాట. ఇంగ్లీషుతనం అంటే బిబిసికి పడదు అని కూడా అంటారు.

ముందు మన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను చదివిన తమిళ బడిలో పాఠం అంతా 'ఆంగిలేయర్' అనే ఉండేది. ఇంట్లో మా అవ్వ 'ఇంగ్లీషు దొరలు' అనేది. మద్రాసు ఐలండ్ దగ్గర గుర్రం మీద కూర్చున్న మన్రో దొర విగ్రహం చూడనివాళ్ళు మనలో తక్కువ. ఆయన పుట్టింది గ్లాస్గోలో. అంటే స్కాట్లండు మనిషి. మన తెలుగుకు నిఘంటువు చేసిన బ్రౌను కలకత్తాలో పుట్టిన ఇంగ్లీషువాడు. మనకు ఇద్దరూ ఇంగ్లీషు దొరలే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో షెడ్డులో ఇంకా ఆవిరి ఇంజన్లు ఉండేవి. వాటిలో కొన్నిటి పక్కన గుండ్రటి ఇత్తడి పలక మీద నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ, గ్లాస్గో అని ఉండేది. దాన్ని చూపించి కూడా "ఇంగ్లండు ఇంజన్" అనే చెప్పుకున్నాము.

తమాషా ఏమంటే, లండన్‌లో కూర్చున్న బిబిసి కూడా ఇదే తప్పు చేస్తుంది, తిరగేసి. మనం బ్రిటన్ అనాల్సిన చోట ఇంగ్లండు అన్నాము. వాళ్ళు ఇంగ్లండు అనాల్సిన చోట బ్రిటన్ అంటారు, లేదా ఏ పేరూ చెప్పకుండా వదిలేస్తారు.

లెక్క చూడండి. స్కాట్లండుకూ వేల్స్‌కూ 1978 నుంచి వాళ్ళ పేరుతోనే బిబిసి రేడియోలు ఉన్నాయి. ఉత్తర ఐర్లండుకు రేడియో అల్స్టర్ 1975లో వచ్చింది. 2019లో స్కాట్లండుకు ప్రత్యేక టీవీ చానల్ పెట్టినారు. వేల్స్ భాషకు 1982లో చానల్ వచ్చింది. అది ఊరికే రాలేదు. గ్విన్ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు చచ్చేదాకా నిరాహార దీక్ష చేస్తానంటే ప్రభుత్వం దిగివచ్చింది. (పొట్టి శ్రీరాములు గారు ఇదే మద్రాసులో ప్రాణం వదిలిన తరువాతగాని ఢిల్లీ కదలలేదు. ఎవాన్స్ అదృష్టవంతుడు.) దేశం జనాభాలో నూటికి ఎనభైమందికి పైగా ఉన్న ఇంగ్లండుకు మాత్రం 'బిబిసి ఇంగ్లండు' అని ఒక రేడియో లేదు, ఒక చానల్ లేదు. జిల్లా రేడియోలు ఉన్నాయి. వాటిలో మొదటిది 1967లో మావాళ్ళు ఉండే లెస్టర్‌లోనే మొదలైంది. 2023లో వాటికీ కోత పెట్టి, మధ్యాహ్నం తరువాత కార్యక్రమాలు చాలావరకు పక్క ఊళ్ళకు కలిపి ఒకటే చేసినారు.

దానికి బిబిసివాళ్ళ జవాబు, మిగతా చానళ్ళన్నీ ఇంగ్లండువే కదా అని. ఇక్కడ నాకు ఆఫీసు గుర్తుకొస్తుంది. మా సెక్షన్‌లో ప్రతి బ్రాంచి లైనుకూ పేరు రాసిన రిజిస్టరు ఒకటి ఉండేది. మెయిన్ లైనుకు మాత్రం అట్ట మీద 'రిజిస్టరు' అని ఒకటే మాట. ఆడిట్‌వాళ్ళు వచ్చినప్పుడు బ్రాంచి లైను పుస్తకాలు పేరు పెట్టి అడిగేవాళ్ళు. మెయిన్ లైనుది ఎవరూ అడిగేవాళ్ళు కాదు. తప్పులన్నీ అందులోనే పేరుకున్నాయి.

ఇంగ్లండు వార్తలు అట్లాగే అయినాయి. 1999 నుంచి స్కాట్లండుకూ వేల్స్‌కూ సొంత సభలు వచ్చి, ఆసుపత్రులు, బడులు వాటి చేతిలోకి పోయినాయి. ఇంగ్లండుకు సొంత సభ లేదు. లండన్ పార్లమెంటే దాని పని కూడా చూస్తుంది. కాబట్టి లండన్ ఆరోగ్య మంత్రి ఆసుపత్రుల గురించి మాట్లాడితే అది ఇంగ్లండు సంగతి మాత్రమే. కానీ వార్తల్లో ఆ ఒక్క మాట చెప్పేవాళ్ళు కాదు. ఇది నా ఊహ కాదు. 2008లో బిబిసి ట్రస్టు కోసం ఆంథొనీ కింగ్ అనే ప్రొఫెసరు పరిశీలన చేసి, ఆరోగ్యం, చదువు వార్తల్లో ఇది ఇంగ్లండుకు మాత్రమే అని స్పష్టంగా చెప్పడం లేదని రాసినాడు. తరువాత కొంత బాగుపడిందంటారు. పూర్తిగా కాదు.

ఒక మాట వదిలేస్తే ఏమి పోయింది అంటారేమో. వేల్స్‌లో 2007 నుంచి, ఉత్తర ఐర్లండులో 2010 నుంచి, స్కాట్లండులో 2011 నుంచి డాక్టరు చీటీ మందులకు డబ్బు కట్టనక్కరలేదు. ఇంగ్లండులో కట్టాలి. స్కాట్లండు పిల్లవాడు తన ఊళ్ళో కాలేజీ ఫీజు లేకుండా చదువుకుంటాడు. ఇంగ్లండు పిల్లవాడికి ఫీజు అప్పు 2012లోనే ఏడాదికి 9,000 పౌండ్ల దాకా అయింది. వార్తల్లో "మందుల చీటీ ధర పెరిగింది" అని మాత్రమే వింటే, కట్టేది తాను ఒక్కడే అని ఇంగ్లండు మనిషికి ఎట్లా తెలుస్తుంది? పక్కవాడికి లేదు, నాకెందుకు అని ఎవరిని అడుగుతాడు? అడగాలంటే ముందు పేరు ఉండాలి కదా.

అయితే ఫిర్యాదు చేసేవాళ్ళ మాటలన్నీ నేను ఒప్పుకోను. 2020లో ప్రామ్స్ సంగీతోత్సవం ఆఖరి రాత్రి 'రూల్ బ్రిటానియా' పాటను మాటలు లేకుండా వాయిద్యాలతో మాత్రమే వాయిస్తామని బిబిసి చెప్పింది. ఇంగ్లీషుతనం మీద దాడి అని పెద్ద గోల అయింది. కొన్నాళ్ళకే బిబిసి వెనక్కి తగ్గి పాడించింది. ఆ పాట పేరులోనే బ్రిటన్ ఉంది. 1740లో దాని మాటలు రాసిన జేమ్స్ థామ్సన్ స్కాట్లండు కవి. ఇంగ్లండు పరువు కోసం కొట్లాడినవాళ్ళు కొట్లాడింది స్కాట్లండు కవి రాసిన బ్రిటన్ పాట కోసం! తమ పేరు ఏదో తమకే మరపుకు వచ్చినప్పుడు బిబిసిని ఒక్కదాన్నే అని ఏమి లాభం?

ఇంకొకటి. 2014లో స్కాట్లండు విడిపోవాలా అని ఓటు పెట్టినప్పుడు, బిబిసి లండన్ పక్షం అని గ్లాస్గో బిబిసి ఆఫీసు ముందు జనం చేరి ధర్నా చేసినారు. వాళ్ళకు అది ఇంగ్లండు సంస్థ. ఇంగ్లీషువాళ్ళకు అది ఇంగ్లండు అంటే పడని సంస్థ. రెండూ ఒకేసారి ఎట్లా నిజం? నాకు తోచింది ఇది. బిబిసికి ఇంగ్లండు మీద ద్వేషం లేదు. ఇంగ్లండును అది గాలి మాదిరి అనుకుంటుంది. ఎప్పుడూ ఉండేదానికి పేరు ఎందుకు అని. పేరు పలికేది ఫుట్‌బాల్ అప్పుడు, జెండా గొడవ అప్పుడు. అందుకే మా మేనకోడలికి ఆ పేరు వింటే తెల్లతోలు, తాగిన కేకలు గుర్తుకొస్తాయి.

చదువుకున్నవాళ్ళకు ఇంగ్లండు అంటే చిన్నచూపు అనేది కూడా పాత సంగతే. జార్జ్ ఆర్వెల్ 1941లోనే, తమ దేశం పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడేది ఇంగ్లండు మేధావులే అనే అర్థం వచ్చేట్టు రాసినాడు. ఆయన పుట్టింది మన బీహారు మోతిహారిలో. ఆ మాట రాసిన ఏడాదే బిబిసిలో చేరి రెండేళ్ళు మన దేశానికి ప్రసారాలు చేసినాడు.

రెండు వందల ఏళ్ళు మనల్ని ఏలినవాళ్ళ మీద ఈయనకు ఎందుకు ఇంత జాలి అని సంఘంలో కొందరు అడుగుతారు, నాకు తెలుసు. జాలి కాదు. చిన్నప్పుడు రాత్రి మా నాయన షార్ట్‌వేవ్‌లో బిబిసి తమిళోసై పెట్టేవాడు. మద్రాసు స్టేషన్‌లో కాసేపు తెలుగు వస్తే ఇంట్లో అందరినీ మాట్లాడకుండా కూర్చోబెట్టేవాడు. ఆ కాసేపటిలో కూడా మా ఊరి తెలుగు వచ్చేది కాదు. ఇప్పుడు చానళ్ళు ఎన్నో. తెలుగు చానల్ 'తెలుగు ప్రజలు' అంటే రెండు రాష్ట్రాలవాళ్ళు. తమిళ చానల్ 'తమిళ మక్కళ్' అంటే మనం అందులోనే కలిసిపోతాము. 2011 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 42 లక్షలు. రెండు దిక్కులా మన పేరు లేదు. మనం కొద్దిమంది కాబట్టి పేరు పోయింది, వాళ్ళు మరీ ఎక్కువమంది కాబట్టి పోయింది. రెండు బాధలూ ఒకటి అనను. వాళ్ళ చేతిలో అధికారం ఉంది, మన చేతిలో కల్యాణ మండపం ఉంది.

గుమాస్తాను కాబట్టి ఫారం సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండు, వేల్స్ జనాభా లెక్కల్లో 2011లో 'ఇంగ్లీష్' అని మాత్రమే గుర్తు పెట్టినవాళ్ళు 57.7 శాతం. 2021లో 14.9 శాతం. పదేళ్ళలో ఇంగ్లీషువాళ్ళు ఎక్కడికి పోయినారు? ఎక్కడికీ పోలేదు. ఇంగ్లండులో ఇచ్చిన ఫారంలో ముందు మొదటి గడి 'ఇంగ్లీష్'. రెండోసారి 'బ్రిటిష్'ను పైకి తెచ్చినారు. అంత తేడాకు అది పెద్ద కారణమని లెక్కలవాళ్ళే చెప్పినారు. గడి ఎక్కడుంటే మనిషి అక్కడ గుర్తు పెడతాడు. రోజూ వార్తల్లో వినిపించే మాట కూడా అట్లాంటి గడే.

అందుకే బిబిసి జెండాలు ఊపాలని నేను అనను. ఆసుపత్రి వార్త చెప్పేటప్పుడు "ఇంగ్లండులో" అని ఒక్క మాట కలిపితే చాలు. ఆ మాట మందుల ధరల్లో, బడి ఫీజుల్లో, వానల్లో, బస్సుల్లో రోజూ వినిపిస్తే, అది తెల్లవాళ్ళ పేరుగా మిగలదు. అక్కడ పన్ను కట్టి, అక్కడి ఆసుపత్రిలో పిల్లల్ని కన్న మా మేనకోడలిది కూడా అవుతుంది.

వచ్చే ఆదివారం వాడు ఫోను చేస్తే ఒకటే అడుగుతాను. మొన్న వార్తల్లో ఆసుపత్రుల గురించి చెప్పినారు కదరా, అవి ఏ దేశం ఆసుపత్రులో మీ అమ్మను అడిగి చెప్పు అని.