వెలతక్కువ గిటారులు

విద్యుద్గిటారు కొనవలెనని ముచ్చటపడు బాలుడు మొట్టమొదట చూచునది దాని తలపై నున్న పేరును. ఫెండరు, గిబ్సను అను పేళ్లకు గల ప్రతిష్ఠ యట్టిది. తండ్రియు, వాద్యము మేలైనదైన విద్యయు మేలుగా నబ్బునని తలచి, శక్తికి మించి వెచ్చింప నుద్యుక్తుడగును. వారిరువురిని కొంచెము ఆగుడని కోరుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బొబ్బిలి వీణను పనసమ్రానుతో చేయుదురు. ఆ కఱ్ఱయే దాని కంఠము. విద్యుద్గిటారు సంగతి వేఱు. దాని యుక్కుతీగల క్రింద అయస్కాంతమును, దానిని చుట్టుకొని సన్నని రాగితీగయు నుండును. మీటిన తీగ కదలికవలన ఆ రాగితీగలో విద్యుత్తు పుట్టి, ధ్వనివర్ధకమునకు పోయి నాదమగును. కావున కఱ్ఱ సామాన్యమైనను కొఱత యంతగా కానరాదు.

దీనిని బాగుగా గ్రహించినవాడు అమెరికా దేశస్థుడగు నాథన్ డానియల్. ఆయన 1947లో స్థాపించిన డానెలెక్ట్రో కర్మాగారమున, కొన్ని యేండ్లకు, చౌక కఱ్ఱచట్రమునకు ఇరువైపుల మేసనైటు అట్టలు బిగించి గిటారులు చేసిరి. అయస్కాంతములను లిప్‌స్టిక్ గొట్టములలో నమర్చిరి! సియర్సు వర్తకులు సిల్వర్‌టోన్ అను పేర వానిని దేశమంతట నమ్మిరి. 1962లో వచ్చిన యొక రకమునకు పెట్టెలోనే ధ్వనివర్ధకము గలదు. కొన్నవారు మఱేమియు కొననక్కఱలేదు. పిమ్మట జిమ్మీ పేజి, తనకు మేలైన గిబ్సనులుండగనే, ‘కాశ్మీర్’ గీతమును సభలలో డానెలెక్ట్రోపై వాయించెను. చికాగో నగరపు హౌండ్ డాగ్ టేలరు చేతిలోనిది జపానులో చేసిన చౌక గిటారు. అతని పాటను ముద్రించుటకే 1971లో ఆలిగేటరు అను రికార్డుల సంస్థ పుట్టినది.

ఇంగ్లాండున బ్రయన్ మే అను బాలుడు, ఫెండరు కొనుటకు డబ్బు చాలక, 1963లో తండ్రితో గూడి పాత పొయ్యిగూటి కఱ్ఱతోను, మోటారుసైకిలు స్ప్రింగులతోను తన గిటారును తానే చేసికొన నారంభించెను. తల్లి కుట్టుపెట్టెలోని గుండీలు దాని మెట్లకు గుర్తులైనవి. కోరినది కొనగల ధనము వచ్చిన పిమ్మటను ఆయన దానిని విడువలేదు.

మఱి 1959 నాటి గిబ్సను లెస్‌పాల్ నేడు లక్షల డాలర్లు పలుకుచున్నది. అట్టిదానిని చెమటచేతితో ముట్టుటకు ఎవనికి ధైర్యము?

మాకొక పాత చౌక గిటారు గలదు. అడిగిన విద్యార్థుల కిచ్చుచుందుము. దానిపై గీతలు లెక్కకు మించినవి. క్రిందటేడొకడు మఱలు విప్పి, లోపలి తీగలు మార్చి, టంకము వేసెను. రెండు దినములు మూగయై, మూడవనాడు మునుపటికంటె గట్టిగా మ్రోగినది. ఖరీదైనదై యుండిన మేము వానిని పెట్టె తెఱవనిత్తుమా? ఈయము. ఆ పిసినితనము మాకును గలదు.

అయినను చౌకవన్నియు మంచివి కావు. తీగలు మెట్లకు మిక్కిలి యెత్తుగా నున్న పసివ్రేళ్లు బొబ్బలెక్కును. బిరడలు జాఱిన శ్రుతి నిలువదు. ఇట్టిది కొన్న బాలుడు నెలలోపల దానిని అటకపై కెక్కించును, తండ్రి వాని నేరమే యనుకొనును. కనుక తెలిసినవారిచే వాయింపజేసి కొనుడు. ఫెండరువారే 1982 నుండి స్క్వయరు అను పేర తక్కువ వెలకు గిటారుల నమ్ముచున్నారు. మిగిలిన పైకము ధ్వనివర్ధకమునకును, గురువుగారికిని చాలును.

మొన్న టంకము వేసిన బాలుడే వచ్చి, గిటారును వేసవి సెలవులకు ఇంటికి గొనిపోవుదునా యని యడిగెను. కొనిపొమ్మంటిమి.