సంత బేరం, చట్టపు ఒప్పందం

మన శాఖలలోని సభ్యుల పిల్లలలో ఇంటర్మీడియట్ దాటి బి.కాం.లో చేరుతున్నవారు తక్కువేమీ కాదు. వారి చేతికి వచ్చే పాఠ్యగ్రంథాలలో వ్యాపార న్యాయసూత్రాలు ఒకటి. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, స్వేచ్ఛాసమ్మతి అంటూ పిల్లవాడు రాత్రిపూట వల్లె వేస్తుండగా, పగలంతా సార్టింగు బల్ల వద్దనో గూడ్సు షెడ్డులోనో నిలబడి వచ్చిన తండ్రి, ఆ మాటలు తనకు సంబంధించినవి కావనుకొని నిద్రకు ఉపక్రమిస్తాడు. ఇది పొరపాటు. ఆ గ్రంథంలోని అధ్యాయాలు చాలావరకు ఏదో ఒక కాగితం రూపంలో ఆ తండ్రి ఉద్యోగజీవితంలోనికి ఇదివరకే వచ్చి ఉన్నవి. కొన్నింటిపై అతని సంతకం కూడా ఉన్నది.

మన దేశపు ఒప్పందాల చట్టం 1872 సెప్టెంబరు 1 నుండి అమలులో ఉన్నది. సరుకుల విక్రయానికి సంబంధించిన భాగాన్ని 1930లోను, భాగస్వామ్య భాగాన్ని 1932లోను విడదీసి వేరు చట్టాలు చేసినారు. మిగిలిన మూలం నేటికీ అదే. ఇద్దరు మనుష్యులు సమానస్థాయిలో ఎదురెదురుగా నిలబడి, ఎవరి లాభనష్టాలు వారు ఎరిగి, మాట ఇచ్చి పుచ్చుకొన్నారనే ఊహపై ఆ చట్టమంతా నిర్మితమైనది. ఆ ఊహ ఎంతవరకు నిజం? దీనిని పరీక్షించుటకు పాఠ్యగ్రంథాలు బొంబాయి, కలకత్తా వర్తకులను ఉదాహరణగా చూపుతవి. మేము పాఠకులను మరొక చోటికి తీసుకొనిపోదలచినాము.

భద్రాచలం నుండి చర్ల మీదుగా పోయి రాష్ట్ర సరిహద్దు దాటితే, తాలిపేరు నది ఒడ్డున బాసగూడ అనే ఊరున్నది. ఒకప్పుడది అవిభక్త బస్తరు జిల్లాలోనిది. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలోనిది. రైలు ఇంకను చేరని జిల్లా. బాసగూడ పేరు చుట్టుపక్కల తెలిసినది సంత వల్లనే. అడవి గ్రామాల నుండి దోర్ల, మురియ గిరిజనులు ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు, కరక్కాయ కావళ్లలోను, తట్టలలోను తెచ్చేవారు. ఉప్పు, బట్ట, నూనె, ఎండుచేప తీసుకొని వర్తకులు వచ్చేవారు. తెలుగు, గోండి, హల్బీ మాటలు కలగలిసిన బేరం అక్కడ నడిచేది.

బస్తరు సంతలలో ఉప్పుకు సారపప్పు మారకం పెద్దలందరూ ఎరిగినదే. పట్టణంలో మిఠాయి దుకాణానికి చేరేసరికి ఎంతో ఖరీదు పలికే పప్పును, సమానమైన కొలత ఉప్పుకు సైతం ఇచ్చివేసిన రోజులున్నవి. ఇప్పుడు విద్యార్థిని అడుగుదాము: ఇది చెల్లుబాటయ్యే ఒప్పందమేనా?

అతడు పుస్తకం చూచి ముందుగా ఒక చిక్కు చెప్పవలె. 1930 నాటి చట్టం ప్రకారం విక్రయమంటే ధరకు సరుకునిచ్చుట. ధర అంటే డబ్బు. ఉప్పుకు పప్పు ఇచ్చుట విక్రయం కాదు, వినిమయం. దానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 118వ సెక్షనును చూడవలసి ఉన్నది. కొనుగోలుదారుకు సరుకు నాణ్యత విషయమై విక్రయ చట్టం కల్పించిన రక్షణలు డబ్బు చేతిలో లేని ఆ గిరిజన స్త్రీకి నేరుగా వర్తించవు. డబ్బులేనివాడికి డబ్బు మాత్రమే కాక చట్టంలో కొంతభాగం కూడా లేకుండా పోయినదన్నమాట.

రెండవది ప్రతిఫలం. ప్రతిఫలం తక్కువైనంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని 25వ సెక్షను చెప్పుతున్నది. వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు అమ్మ అంగీకరించిన మనిషిని చట్టమే ఉదాహరణగా చూపినది. అతడు మనస్ఫూర్తిగా ఒప్పుకొని ఉంటే ఒప్పందం ఒప్పందమే. అయితే ఆ వెంటనే మరొక ఉదాహరణ కలదు: అదే మనిషి తన సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినది కాదంటే, ధర అంత తక్కువగా ఉండుటను న్యాయస్థానం గమనంలోనికి తీసుకొనవచ్చును. వెయ్యి రూపాయల గుర్రం పదికి పోయినదంటేనే ఏదో జరిగి ఉండవలెనని చట్టానికి కూడా అనుమానం కలుగుతుంది. విద్యార్థులు మొదటి ఉదాహరణను కంఠస్థం చేసి రెండవదానిని వదలివేయుట మేము చూస్తున్నాము. పరీక్షలో అర మార్కు పోవచ్చును. జీవితంలో అంతకన్న ఎక్కువ పోతుంది.

మూడవది 16వ సెక్షను, అనుచిత ప్రాబల్యం. ఒకరి ఇచ్ఛను లోబరచుకొనగల స్థితిలో ఉన్న రెండవవాడు ఆ స్థితిని వాడుకొని అన్యాయమైన లాభం పొందితే, ఒప్పందాన్ని రద్దు చేయించుకొనే హక్కు మొదటివానికి కలదు. ఇక్కడ చట్టం గ్రామ వడ్డీవ్యాపారినే పేర్కొన్నది. ఇదివరకే అతనికి బాకీపడినవాడు దారుణమైన షరతులపై కొత్త అప్పు తీసుకొంటే, తాను ఒత్తిడి చేయలేదని నిరూపించవలసిన భారం వ్యాపారిపైననే ఉంటుంది. 1899 సవరణలో ఈ మాట వ్రాసినవారు కార్మిక నాయకులు కారు, వలస ప్రభుత్వపు శాసనకర్తలు. వారికే కనిపించిన అసమానత మన పాఠ్యగ్రంథ రచయితలలో పలువురికి నాలుగు పంక్తులకు మించి కనిపించకపోవుట ఆశ్చర్యం.

కాని రద్దు చేయించుకొనే హక్కు ఉండుట వేరు, న్యాయస్థానం మెట్లెక్కుట వేరు. సారపప్పు తట్ట తెచ్చిన మనిషి జిల్లా కోర్టులో దావా వేయదు. ఈ సంగతి తెలిసే తరువాతి శాసనాలు ఇద్దరి మధ్య మాటగా ఉన్నదానిని నియంత్రణ పరిధిలోనికి తెచ్చినవి. మధ్యప్రదేశ్ 1964లో తునికాకు వ్యాపారాన్ని ప్రభుత్వపరం చేసినది. ఆంధ్రప్రదేశ్ 1971లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై చట్టం తెచ్చినది. 50 ఆకుల కట్టలు వెయ్యి కలిస్తే ఒక ప్రమాణ సంచి. దానికి రేటు ముందుగా ప్రకటింపబడుతుంది. కల్లం వద్ద ఆకు బాగులేదని కట్టలు తీసివేసే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో వారే నిజమైన రేటు నిర్ణయిస్తారు, అది వేరే మాట. 1996 నాటి షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ విస్తరణ చట్టం గ్రామసంతల నిర్వహణను, వడ్డీవ్యాపారంపై అదుపును స్థానిక గ్రామసభలకు, పంచాయతీలకు అప్పగించవలెనన్నది. దానికి ఛత్తీస్‌గఢ్ నియమావళి వచ్చినది 2022లో.

బాసగూడ కథలో మరొక అధ్యాయం కలదు, దానిని దాటవేయలేము. 2005లో సల్వా జుడుం మొదలైన తరువాత ఆ ప్రాంతపు గ్రామాలు ఖాళీ అయినవి. కుటుంబాలు నాటి ఖమ్మం జిల్లాలోనికి, చర్ల పరిసరాలకు తరలివచ్చినవి. సంత ఆగిపోయినది. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆయుధాలిచ్చి నియమించుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రజలు తిరిగి వచ్చుటకు, సంత మళ్లీ కూడుటకు ఏళ్లు పట్టినవి. ఒప్పందం గురించి ఏ పుస్తకమూ వ్రాయని మొదటి షరతును ఆ ఖాళీ మైదానం చూపినది. ఈ వారం మాట ఇచ్చినవాడు వచ్చే వారం ప్రాణాలతో అదే చోటికి రాగలిగి ఉండవలె. అది లేనిచోట ప్రతిపాదనా లేదు, అంగీకారమూ లేదు.

ఇక మన వైపు చూతము. తపాలా ఉద్యోగులకు గర్వకారణమైన సూత్రమొకటి ఈ చట్టంలో కలదు. అంగీకారపు ఉత్తరాన్ని టపాలో వేసిన క్షణం నుండి ప్రతిపాదన చేసినవాడు దానికి కట్టుబడిపోతాడు. దీని మూలం 1818లో ఇంగ్లండులో తేలిన ఆడమ్స్, లిండ్సెల్ వ్యాజ్యం. ఉన్ని అమ్ముతామని వ్రాసిన ఉత్తరానికి చిరునామా తప్పుగా వ్రాసినందున అది ఆలస్యంగా చేరినది. అందుకొన్నవారు ఆ సాయంత్రమే అంగీకారం టపాలో వేసినారు. అది చేరేలోపల అమ్మకందారులు ఉన్నిని మరొకరికి అమ్మివేసినారు. ఉత్తరం టపాలో పడినప్పుడే ఒప్పందం కుదిరినదని న్యాయస్థానం నిర్ణయించినది. మన 4వ సెక్షను ఆ బాటలోనే నడిచినది. ఉత్తరంపై వేసే తేదీ ముద్ర ఎందుకు స్పష్టంగా ఉండవలెనో కొత్తగా చేరిన సహోద్యోగికి చెప్పుటకు ఇంతకన్న మంచి కారణం లేదు.

రైల్వేవారి సంగతి వేరు. 1961 చట్టసవరణకు పూర్వం సరుకు విషయంలో రైల్వేకు ఉన్న బాధ్యత, ఇతరుల వస్తువును దగ్గర ఉంచుకొన్న సాధారణ మనిషి బాధ్యతవంటిది. దైవికమో, యుద్ధమో అయితే తప్ప సరుకు నష్టానికి సాధారణ రవాణాదారువలె జవాబు చెప్పవలసిన స్థితి ఆ సవరణతో వచ్చినది. 1989 చట్టంలోని 93వ సెక్షను దానిని కొనసాగించినది. తపాలాశాఖ మాత్రం 1898 చట్టం నుండి 2023 చట్టం వరకు, నియమాలలో ఒప్పుకొన్నమేరకు తప్ప బాధ్యత లేదనే వైఖరినే నిలుపుకొన్నది. అయినను ఉద్యోగి మోసంగానో, ఉద్దేశపూర్వకంగానో చేసినదైతే రక్షణ లేదు.

ఇంతకుమించి మన సభ్యులకు అత్యవసరమైన అధ్యాయం జామీనుది. సహకార పరపతి సంఘంలో తోటివాడు అప్పు తీసుకొంటే, 'నీవొక సంతకం చేయవయ్యా, ఊరికే కాగితం కోసమే' అంటాడు. మనము చేస్తాము. కూతురి పెండ్లికి, ఆసుపత్రి ఖర్చుకు అప్పు అడిగిన మిత్రునికి కాదని చెప్పుట కష్టం. చెప్పవలసినదని మేమును అనము. కాని ఊరికే కాగితం అనేది చట్టంలో లేదు. 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా వ్రాసికొంటే తప్ప, జామీనుదారు బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానం. ముందు అప్పుదారును పట్టుకొని, అతని వద్ద రాకపోతేనే నా వద్దకు రావలెనని వాదించుటకు వీలులేదని బ్యాంక్ ఆఫ్ బీహార్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. అప్పుదారు బదిలీపై పోయినా, ఉద్యోగం వదలినా, మిగిలిన వాయిదాలు మన జీతంపై పడవచ్చును.

చాలమందికి తెలియని మరొక భాగం జామీనుదారుకు ఉన్న హక్కులు. తన సమ్మతి లేకుండా అప్పు షరతులను మార్చితే, ఆ మార్పు తరువాతి లావాదేవీల బాధ్యత నుండి అతడు విడుదలవుతాడు. అతనిని అడుగకుండా అప్పుదారుకు గడువు పెంచుతూ ఒప్పందం చేసికొన్నను విడుదలవుతాడు. ఊరక దావా వేయక జాప్యం చేసినంత మాత్రాన కాదు. అప్పు తాను తీర్చితే, అప్పిచ్చినవాని స్థానంలో నిలబడి అప్పుదారుపై వసూలుకు పోవచ్చును, తాకట్టు ఉన్నచో దానినీ కోరవచ్చును. ఇవి 133 నుండి 145 వరకు గల సెక్షనులలో ఉన్నవి. బి.కాం. చదివే పిల్లవాడు ఒక ఆదివారం కూర్చుండి తండ్రికి వీటిని చదివి వినిపింపగలడు. ఆ చదువుకు పెట్టిన ఫీజులో కొంత అప్పుడే తిరిగి వచ్చినట్లు.

మన ఉద్యోగమే ఒప్పందమా అనే ప్రశ్న కూడ కలదు. రైల్వే ఉద్యోగి ఒకరు వేసిన రోషన్‌లాల్ టాండన్ వ్యాజ్యంలో 1967లో సుప్రీంకోర్టు చెప్పినదేమనగా, ప్రభుత్వోద్యోగం ఒప్పందంతోనే మొదలవుతుంది. నియామకం కాగానే అది ఒక హోదాగా మారుతుంది. అటుపైన షరతులను నియమాల ద్వారా ప్రభుత్వమే మార్చవచ్చును. ఇది రెండంచుల కత్తి. 1977లో రాజమ్మ వ్యాజ్యంలో శాఖేతర తపాలా ఏజెంట్లు సివిలు పోస్టులు నిర్వహించువారేనని తేల్చి, విచారణ లేకుండా తొలగించుట నుండి రక్షణ కల్పించినది ఆ హోదా సూత్రమే. నేటి గ్రామీణ డాక్ సేవకులు వారి వారసులు.

హోదా లేని కాంట్రాక్టు కార్మికుని మాటేమి? ప్లాట్‌ఫారం ఊడ్చేవాడు, పార్సిలు మోసేవాడు గుత్తేదారు ఇచ్చిన కాగితంపై వేలిముద్ర వేస్తున్నాడు. అతడు బాసగూడ సంతలో ఉప్పు కోసం నిలబడినవానికి దగ్గరవాడు. అతనికి రెండు తీర్పులు తోడు. కనీసవేతనం కన్న తక్కువకు పని చేయించుట, ఆకలి ఒత్తిడిపై ఒప్పుకొన్నదైనను, రాజ్యాంగపు 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరియేనని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ప్రకటించినది. బేరమాడే శక్తి లేనివానిపై రుద్దిన అన్యాయమైన ఉద్యోగషరతు ప్రజాహితానికి విరుద్ధం కనుక చెల్లదని 1986లో సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్టు వ్యాజ్యంలో తేల్చినది. గుర్రపు ఉదాహరణలోని రెండవ సగానికి ఇది నూరేండ్ల తరువాతి విస్తరణ.

సంఘాలు కూడ ఒప్పంద చట్టపు దెబ్బ తిన్నవే. 1901లో ఇంగ్లండులో టాఫ్ వేల్ రైల్వే కంపెనీ తన కార్మికుల సంఘంపై నష్టపరిహారానికి గెలిచినది. ఆ దెబ్బ నుండి బయటపడుటకు 1906 చట్టం కావలసివచ్చినది. మద్రాసులో 1921 ప్రాంతంలో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల వివాదంలో బి.పి.వాడియా ప్రభృతులపై హైకోర్టు నిషేధాజ్ఞ ఇచ్చినది. ఒప్పందాన్ని ఉల్లంఘింపుమని కార్మికులను ప్రేరేపించుట ఆరోపణ. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం రిజిస్టరైన సంఘాలకు ఆ దావాల నుండి రక్షణనిచ్చినది. ఆ చట్టానికి మారుగా 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతిని చేసినందున, ఆ రక్షణలు ఏ మాటలతో, ఏ షరతులతో అందులోనికి వచ్చినవో సెక్షను వెంబడి సెక్షను సరిపోల్చి చదువవలసిన పని మన ముందున్నది.

అందువలన శాఖా కార్యదర్శులకు మా అభ్యర్థన ఇది. రాబోయే కళాశాల సెలవులలో, ప్రతి శాఖా కార్యాలయంలో కనీసం నాలుగు ఆదివారాలు సభ్యులు, వారి పిల్లలు కలిసి కూర్చుండి ఒప్పందాల చట్టాన్ని చదువవలె. మొదటి ఆదివారం 10 నుండి 25 వరకు సెక్షనులు, రెండవది జామీను, మూడవది నియామకపత్రాలు, నాలుగవది సంఘాల రక్షణలు. కాంట్రాక్టు కార్మికులనూ, గ్రామీణ డాక్ సేవకులనూ తప్పక పిలువవలె. వారి చేతిలో ఉన్న కాగితాలను తెమ్మనవలె. ఇప్పటికే ఖాళీలు నింపకుండా జామీను పత్రాలపై సంతకం చేసినవారు పరపతి సంఘం కార్యాలయానికి వ్రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, నింపిన పత్రం నకలును అడిగి తీసికొనవలె.