ఆటలో అమ్ముతున్న కరువు

కేసీ కాలువ కింద మడి ఉన్నవాళ్లకు వంతు నీళ్లంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. రాత్రి రెండుకు వంతు వస్తే రెండుకే లేవాలి. నిద్రపోతే నీళ్లు పక్క మడికి పోతాయి. బోరు రైతుకు త్రీఫేజ్ కరెంటుతో ఇదే అవస్థ. తుంగభద్రలో నీళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి ఆ కష్టానికి కారణముంది. కర్నూలు, కడప పిల్లలు సెల్‌ఫోన్లో ఆడే ఆటల్లోనూ ఇప్పుడు వంతులున్నాయి. అక్కడ చెరువేమీ ఎండలేదు. తూము మూసింది ఆట తయారుచేసినవాడే.

2020 సెప్టెంబరులో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్ సంగతే చూడండి. ఓ పాత్రను పట్టుకుని పెద్ద లోకంలో తిరిగే చైనా ఆట అది. బొమ్మలు, సంగీతం నిజంగా గొప్పవి. పాత్రను బలపరిచే సరుకు కావాలంటే మాత్రం ‘రెజిన్’ ఖర్చు పెట్టాలి. అది ఎనిమిది నిమిషాలకు ఒకటి చొప్పున ఊరుతుంది. చాలాకాలం దాని గరిష్ఠం 160. అంటే 21 గంటల 20 నిమిషాల్లో తొట్టి నిండిపోతుంది, ఆపై ఊరేది లేదు. రోజూ తెరవనివాడు నష్టపోవాల్సిందే. 2024లో 200 చేశారు, గడువు 26 గంటల 40 నిమిషాలైంది. ఆటగాళ్లు సంబరపడ్డారు. ఆ నలభై ఇవ్వడానికి ఎవరూ ఆనకట్ట కట్టలేదు, పట్టికలో అంకె మార్చారంతే. ఆ పని అంతకు మూడేళ్ల ముందైనా చేయొచ్చు కదా!

హద్దు లేకపోతే పిల్లలు తెల్లవార్లూ ఆడతారని ఒక సమర్థన. నేను నమ్మను. తొట్టిని డబ్బుతో నింపుకొనే దారి కూడా అదే ఆటలో ఉంది. నిద్రపొమ్మని కోరేవాడు చిల్లర చూపిస్తే తలుపు తీయడు. ఉచితంగా ఇచ్చే ఆటకు ఎక్కడో ఒకచోట రాబడి ఉండాలన్న రెండో మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఆట కష్టంగా ఉండటం వేరు, కష్టాన్ని తూకం వేసి అమ్మడం వేరు. రచ్చబండ మీద పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. ఓడిపోతే ఎదుటివాడి బుర్రకు ఓడిపోతాం. పదహారో మేకను కొనుక్కునే వీల్లేదు.

ఇదే ఆటలో కొత్త పాత్రలు దక్కించుకునే లాటరీ మరీ అన్యాయం. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ ఒకే వైపు పడటం ఎంత అరుదో పదేళ్ల పిల్ల చేతికే తెలుసు. గవ్వలు అందరి ముందే పడతాయి. ఇక్కడ ఐదు నక్షత్రాల పాత్ర ఒక్క విసురుకు దక్కే అవకాశం 0.6 శాతం, వెయ్యికి ఆరు. తొంభై విసుర్లకు ఒకటి ఖాయమంటారు గానీ, అది కోరుకున్నదే అవుతుందన్న భరోసా లేదు. తప్పితే మళ్లీ తొంభై దాకా పోవాలి. పైగా రూపాయలిచ్చి స్ఫటికాలు కొనాలి, వాటిని ప్రిమోజెమ్‌లు చేయాలి, 160 ప్రిమోజెమ్‌లకు ఒక విసురు. ప్రొద్దుటూరు బంగారం అంగట్లో రూపాయలకు పూసలిచ్చి, పూసలకు చీట్లిచ్చి, చీట్లకు నగ అమ్మితే కొనేవాళ్లుంటారా? అక్కడ తులం ధర రూపాయల్లోనే అడుగుతారు.

ఈ లాటరీలు పిల్లలకు అమ్మారన్న ఆరోపణపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో గెన్షిన్ సంస్థ 2025 జనవరిలో 2 కోట్ల డాలర్లకు రాజీ పడింది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పదహారేళ్లలోపు వారికి అమ్మకూడదన్నది అందులో షరతు. బెల్జియం 2018లోనే ఇలాంటి లాటరీలను జూదమంది. మన రాష్ట్రం 2020లో 1974 నాటి జూద చట్టాన్ని సవరించింది, పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. రెండింటి చూపూ ప్రధానంగా డబ్బు గెలిచే పందాల మీదే. డబ్బు పోసి బొమ్మ తెచ్చుకునే పిల్లవాడి మీద ఆ చూపు పెద్దగా పడలేదు. ఒక విసురుకు ఎన్ని రూపాయలో, కోరిన పాత్ర దక్కడానికి గరిష్ఠంగా ఎంత అవుతుందో మీట పక్కనే తెలుగులో రాయించాలి. ఆ అంకె చూశాక కూడా నొక్కదలచుకున్నవాడు నొక్కుతాడు.