తలరాత నుంచి ర్యాంకు దాకా

మనుషులంతా సమానమేనా అని కాలేజీ విద్యార్థులను అడిగితే కాదనేవారు అరుదు. మరి కొందరు పేదలుగానే ఎందుకు మిగిలిపోయారని అడిగితే మాత్రం జవాబులు దారి మారతాయి. రాసిపెట్టి ఉందని ఒకరు, కష్టపడటం లేదని ఒకరు, రిజర్వేషన్లిచ్చినా వాడుకోవటం చేతకావటం లేదని ఇంకొకరు అంటారు. సొంత పెళ్లి ప్రస్తావన వచ్చేసరికి "ఇంట్లో ఒప్పుకోరు" అన్న ఒక్క మాటతో చర్చ ముగుస్తుంది. మానవ హక్కులు, పేదరికం, వివక్ష గురించి యువతరం ఏమనుకుంటోందో తెలియాలంటే మొదటి జవాబు దగ్గర ఆగితే లాభం లేదు. అది పాఠ్యపుస్తకం నేర్పిన జవాబు. రెండోది ఇల్లు నేర్పింది, నమ్మకం ఉన్నదీ అందులోనే.

ఆ నమ్మకానికి పాత పేరు కర్మ. చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవ అనీ, పెట్టి పుట్టాలనీ తెలుగు ఇళ్లలో రోజూ వినిపించే మాటలు దాని సారమే. ప్యూ రీసెర్చ్ సెంటర్ దేశంలో సుమారు 30 వేల మంది వయోజనులను ప్రశ్నించి 2021 జూన్‌లో విడుదల చేసిన సర్వేలో హిందువుల్లో 77 శాతం కర్మను నమ్ముతామన్నారు. ముస్లింలలోనూ సరిగ్గా 77 శాతమే ఆ మాట అన్నారు. వారి మతం చెప్పని సిద్ధాంతాన్ని కూడా ఊరి గాలి వారికి అంటించిందన్నమాట.

కర్మ సిద్ధాంతానికి ఉన్న బలం, లోపం ఒకటే. ఏది జరిగినా అది సరిపోతుంది. భూస్వామికి వంద ఎకరాలుంటే పూర్వజన్మ పుణ్యం, అవి పోతే పూర్వజన్మ పాపం. కూలివాడి బిడ్డ జ్వరంతో చనిపోతే ప్రాప్తం, బతికితే కూడా ప్రాప్తమే. తప్పని తేలే వీలే లేని వివరణ నిజమని తేలే వీలు కూడా లేదు. న్యాయం వైపు నుంచి చూస్తే దీని పరిస్థితి ఇంకా అధ్వాన్నం. శిక్ష అనుభవించేవాడికి తాను చేసిన నేరమేమిటో తెలియదు, జ్ఞాపకం లేదు, సాక్షి లేడు, అప్పీలు లేదు. ఏ మండల మేజిస్ట్రేటు ముందూ నిలబడని ఈ తీర్పును కోట్ల మంది తలవంచి ఒప్పుకుంటున్నారు.

లెక్కల ముందు కూడా ఇది నిలవదు. ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాలకు చెందిన 12 సూచికలతో నీతి ఆయోగ్ కొలిచిన బహుముఖ పేదరికం 2015-16లో దేశ జనాభాలో 24.85 శాతం ఉండగా 2019-21 నాటికి 14.96 శాతానికి తగ్గింది. తెలంగాణలో అది 5.88 శాతానికి, ఆంధ్రప్రదేశ్‌లో 6.06 శాతానికి వచ్చింది. దేశం మొత్తంలో 13.5 కోట్ల మంది ఆ గీత దాటారని ఆయోగ్ లెక్క. ఐదారేళ్లలో 13.5 కోట్ల మంది పూర్వజన్మలు మారిపోయాయా? మారింది మరుగుదొడ్డి, వంటగ్యాసు, కరెంటు, బ్యాంకు ఖాతా, బడి.

అయినా మనిషి మనసుకు ఈ సిద్ధాంతం ఎందుకంత హాయిగా ఉంటుందో 1966లో అమెరికాలో మెల్విన్ లెర్నర్, కరొలిన్ సిమన్స్ జరిపిన ప్రయోగం చూపించింది. ఒక యువతి జవాబు తప్పినప్పుడల్లా విద్యుత్ షాక్ తింటున్నట్టు నటించింది. అది నటన అని చూస్తున్న విద్యార్థినులకు తెలియదు. ఆమెను ఆ బాధ నుంచి తప్పించే వీలు దొరికినప్పుడు వారిలో ఎక్కువమంది తప్పించారు. ఆ వీలు లేదనీ, బాధ ఇంకా కొనసాగుతుందనీ చెప్పినప్పుడు మాత్రం వారికి ఆమె మీదే చులకన పెరిగింది. లోకం న్యాయంగానే నడుస్తోందన్న నమ్మకాన్ని కాపాడుకోవటానికి బాధితురాలిలోనే లోపం వెతికారు. ఆ విద్యార్థినులు కర్మ సిద్ధాంతం చదువుకున్నవారేమీ కాదు. సాయం చేయలేని చోట నింద వేయటం ఏ దేశపు మనసుకైనా సులువని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇక్కడ ఆ సులువుకు శాస్త్రం, పురాణం, సామెత కూడా అండగా నిలిచాయి.

తెలుగు నేల మీద ఈ అండను ప్రశ్నించినవారు లేకపోలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే 'శంబుక వధ' రాశాడు. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. వారు ఎదుర్కొన్న నమ్మకం నుదుటి రాత రూపంలో ఎదురుగా నిలబడేది కాబట్టి దెబ్బ కొట్టటం కొంత తేలిక. ఇప్పుడు అది వేషం మార్చింది.

కొత్త వేషం పేరు మెరిట్. ర్యాంకును దైవవాక్కుగా చూడటం యువతరంలో, ముఖ్యంగా ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్ల కోసం పోటీపడే పిల్లల్లో, మతనమ్మకం కన్నా గట్టిది. ర్యాంకు అబద్ధం కాదు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు ఎవరు ఎన్ని జవాబులు సరిగ్గా గుర్తించారో అది కచ్చితంగా చెబుతుంది. ఆ కుర్చీ దాకా ఎవరు ఎలా వచ్చారో చెప్పదు. రెండేళ్లు కార్పొరేటు కాలేజీ హాస్టల్లో రోజూ పరీక్షలు రాసిన విద్యార్థి, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదువుతూ సెలవుల్లో మిరపకోతకు వెళ్లిన విద్యార్థి ఒకే గీత మీద నుంచి పరుగు మొదలుపెట్టలేదు. తాత కొన్న పొలం, తండ్రి ఉద్యోగం, తల్లి ఇంట్లో చెప్పిన ఇంగ్లిషు పాఠం అన్నీ ఒక కుర్రవాడి సొంత ప్రతిభ ఖాతాలో జమ అవుతాయి. పూర్వజన్మ పుణ్యం లేదు గానీ పూర్వీకుల ఆస్తి ఉంది, ఫలితం మాత్రం పుణ్యం ఇచ్చినట్టే అనిపిస్తుంది.

కులం ప్రతిభ మీద ఎలా పనిచేస్తుందో ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే జరిపిన ప్రయోగం స్పష్టంగా చూపింది. 2004, 2006లలో వెలువడిన ఈ అధ్యయనంలో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు పాల్గొన్నారు. అగ్రవర్ణాల నుంచి 321 మంది, దళిత కులం నుంచి 321 మంది. ఆరుగురిని ఒక గుంపుగా కూర్చోబెట్టి కాగితం మీద గీసిన చిక్కుదారులు ఇచ్చారు. ఒక్కో చిక్కుదారిలోంచి బయటికి గీత గీస్తే ఒక రూపాయి. ఎవరు ఏ కులమో బయటికి చెప్పని గుంపుల్లో రెండు వర్గాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. తర్వాత వేరే గుంపుల్లో ఒక చిన్న మార్పు చేశారు. ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివి, నిజమేనంటే తల ఊపమన్నారు. అంతే. కాగితాలు అవే, సమయం అదే, రూపాయి అదే. దళిత పిల్లల ఫలితం బాగా పడిపోయింది. తెలివి పది నిమిషాల్లో తరిగిపోయేది కాదు కాబట్టి తరిగింది ఇంకేదో అయి ఉండాలి. తనను ఎలా చూస్తారో, న్యాయంగా లెక్కిస్తారో లేదో అన్న అనుమానం పిల్లవాడి చేతిలోని పెన్సిలును పట్టుకుందని పరిశోధకులు భావించారు. మొదటి రోజే ఇంటిపేరు అడిగి, ర్యాంకు అడిగి, ఏ కోటాలో వచ్చావని అడిగే హాస్టలు గదిలో జరిగేదీ ఇదే.

ఆ గది దాటాక ఉద్యోగం. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే స్థాయి చదువున్న దరఖాస్తులు పంపారు. తేడా పేరులోనే. తర్వాతి దశకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి అగ్రవర్ణ హిందూ పేరుకు ఒకటి అయితే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. ఇంటర్వ్యూ కూడా జరగకముందే, ముఖం చూడకముందే వచ్చిన తేడా ఇది. మెరిట్ ఒక్కటే చూస్తామని చెప్పే సంస్థలు చూసింది దరఖాస్తు మీది మొదటి పంక్తి.

పేదవాడి సోమరితనం అన్న నమ్మకానిదీ ఇదే కథ. పేదలకు చదువు విలువ తెలియదు, పిల్లల కూలి డబ్బు లేకపోతే వారికి పూట గడవదు, కాబట్టి బాలకార్మికత పేదరికం పోయేదాకా పోదు అన్నది ఒకప్పుడు చదువుకున్నవారు కూడా ఒప్పుకున్న సూత్రం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో ఈ సూత్రాన్ని తిరగేసింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది దాని ఆధారం. పశువులు కాసే జీతగాళ్లు, ఇంట్లో తమ్ముళ్లను ఎత్తుకునే ఆడపిల్లలు అందరూ ఆ లెక్కలోకి వచ్చారు. గ్రామాల్లో తిరిగినది ఎక్కువగా ఆ ఊళ్ల యువకులు, తమ ఇళ్లలో మొదటగా చదువుకున్నవారు. వయసు మీరిన పిల్లలను నేరుగా ఒకటో తరగతిలో కూర్చోబెట్టకుండా శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. అప్పుడు తేలిందేమిటంటే, అవకాశం కనిపించిన చోట పేద తల్లిదండ్రులు కూలి డబ్బు వదులుకుని పిల్లలను పంపారు. అడ్డుపడింది వారి మనసు కాదు, జనన ధ్రువపత్రం అడిగే బడి, మధ్యలో చేర్చుకోనని చెప్పే నిబంధన, పిల్లవాడిని వదలని ఆసామి. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

ఇలాంటి విజయాలను కూడా నమ్మకం తన వైపు తిప్పుకుంటుంది. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చుననటానికి ఈ ఉదాహరణ వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. ఆమె సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని అనీ, భువనగిరి కొండ మీద శిక్షణ ఇప్పించిందీ, ఖర్చు భరించిందీ ప్రజల సొమ్మేననీ ఆ ప్రసంగాల్లో రాదు. పూర్ణ ధైర్యం ఆమెదే. కొండ దాకా తీసుకెళ్లిన దారి మాత్రం ఒంటరి కష్టంతో పడింది కాదు.

కులం ఇప్పుడెక్కడుంది అన్న ప్రశ్న నగరాల్లో పెరిగిన యువతలో ఎక్కువ. 2011-12లో 42 వేల పైచిలుకు కుటుంబాలను కలిసిన భారత మానవాభివృద్ధి సర్వేలో 27 శాతం కుటుంబాలు ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తున్నామని తామే ఒప్పుకున్నాయి. ఒప్పుకోనివారి సంగతి వేరే. రాజ్యాంగం 17వ అధికరణం దాన్ని నిషేధించి అప్పటికే 60 ఏళ్లు దాటింది. ఉన్నత చదువు ఈ రోగాన్ని కడిగేస్తుందన్న ఆశ కూడా అదే సర్వే వివరాలతో జరిగిన ఒక విశ్లేషణలో వీగిపోయింది. దేశంలో 2011 నాటికి కులాంతర వివాహాలు 5.82 శాతం, నాలుగు దశాబ్దాల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. పెళ్లి చేసుకునే జంట ఎంత చదివారన్నదానికీ కులాంతర వివాహానికీ సంబంధం కనిపించలేదు. సంబంధం కనిపించింది వరుడి తల్లి చదువుతో. ఆమె పదేళ్లు ఎక్కువ చదివి ఉంటే కులాంతర వివాహానికి అవకాశం 36 శాతం పెరుగుతోంది. అంటే ఎంటెక్ చేసిన కుర్రవాడి పెళ్లిలో ఓటు అతనిది కాదు. ప్యూ సర్వేలో తమ కులం ఆడపిల్లలు బయటి కులంలో పెళ్లి చేసుకోకుండా ఆపటం చాలా ముఖ్యమని 64 శాతం, మగపిల్లల విషయంలో 62 శాతం చెప్పారు. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న, గర్భిణి అయిన భార్యతో ఆస్పత్రి నుంచి బయటికి వస్తున్న దళిత యువకుడిని నరికి చంపించింది ఈ ముఖ్యమన్న భావనే.

దీన్ని మార్చలేమనటం కుదరదు. గోరా పెద్ద కుమార్తె మనోరమ 1948లో సేవాగ్రామ్‌లో దళితుడైన అర్జునరావును పెళ్లాడింది. కుమారుడు లవణం 1960లో దళిత కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను చేసుకున్నాడు. ఆ హేమలతే తర్వాత నిజామాబాద్ జిల్లాలో దళిత బాలికలను జోగినులుగా విడిచే ఆచారం మీద పోరాడింది. 1988లో ఆంధ్రప్రదేశ్ దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మరోవైపు కులం విమానం కూడా ఎక్కింది. తెలుగువారు పెద్దసంఖ్యలో ఉద్యోగాలు చేసే సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించాల్సి వచ్చింది.

ఇక మానవ హక్కులు. అవి పడమటి దేశాల సరుకనీ, నేరస్థులకే పనికొస్తాయనీ యువతలో గట్టి అభిప్రాయం ఉంది. మొదటి అభిప్రాయం సరికాదు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో పురుషులను మాత్రమే సూచించే మాట స్థానంలో మానవులందరినీ కలుపుకొనే మాట పెట్టించింది భారత ప్రతినిధి హంసా మెహతా. రెండో అభిప్రాయానికి 2019 డిసెంబరు 6 ఉదయం షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పరీక్ష వచ్చింది. పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు లారీ కార్మికులు పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. కాలేజీ బస్సుల్లోంచి విద్యార్థినులు చప్పట్లు కొట్టారు. ఆ కోపంలో తప్పు లేదు, ఆడపిల్లలు రోజూ పడే భయం అందులో ఉంది. తప్పల్లా సాక్ష్యం లేకుండా వచ్చిన నిశ్చయంలో. పాపం చేశాడు కాబట్టే అనుభవిస్తున్నాడన్న పాత తర్కం, పోలీసులు పట్టుకున్నారు కాబట్టి నేరం చేసే ఉంటాడన్న కొత్త తర్కం ఒకే అచ్చులో పోసినవి. రెండింటిలోనూ శిక్షే నేరానికి రుజువు.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. నిందితులు ఆయుధాలు లాక్కున్నారన్న పోలీసుల కథనాన్ని కమిషన్ నమ్మలేదు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. నివేదికను సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది. నిందితులు బతికి లేరు కాబట్టి ఆ డాక్టరును చంపిందెవరో కోర్టులో సాక్ష్యాలతో తేలే అవకాశం ఇక లేదు.