మా మాట : అంగడి వెనుకటి తలుపు



గడచిన శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునకు చీర కొనుటకై మేము పట్టణమునకు పోయితిమి. మా బావగారి కుమార్తె అమెరికానుండి నెలదినముల సెలవుపై వచ్చియుండుటచే ఆమెను గూడ వెంటబెట్టుకొని పోయితిమి. అది నాలుగంతస్తుల బట్టల అంగడి, పేరు చెప్పనేల? మూడవ అంతస్తులో మేము పట్టుచీరల ముందర కూర్చుండగనే ఆ పిల్ల మాయమయ్యెను. పది నిమిషములకు మరలివచ్చి, "పిన్నీ, దిగుటకు వెనుకప్రక్క రెండవ మెట్లదారి యున్నది. కాని దానినిండ చీరల మూటలు పేర్చినారు. అడుగున తలుపునకు తాళము వేసియున్నది" అని మా చెవిలో చెప్పెను. "పండుగ సరకు గదమ్మా, పాపము వారు మాత్రము ఎక్కడ పెట్టుకొందురు?" అంటిమి. ఆ మాట యన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాము.

ఆమె అక్కడ అగ్నిభద్రతకు సంబంధించిన ఇంజనీర్ల ఆఫీసులో పనిచేయుచున్నది. మన వీథి మొత్తము ఒక్క కప్పుక్రింద ఇమిడిపోవునంత పెద్ద అంగళ్లు ఆ దేశమున కలవు. బియ్యపుబస్తా మొదలు పందిరిమంచము వరకు అన్నియు ఒకచోటనే దొరకును. అక్కడ కాపురమున్న మన తెలుగు కుటుంబములవారును వారమునకొకమారు సరకులకు పోవునది ఇట్టి వానికే. అట్టి కట్టడములో చట్టమునందలి యేదేని యొక నియమము అక్షరాల నడపుటకు వీలుపడనప్పుడు, అంగడి యజమాని తరపున మినహాయింపు కోరుచు అధికారికి అర్జీ వ్రాయుట ఆమె పని.

"నిప్పు విషయమున మినహాయింపేమమ్మా? మీ అధికారి యిచ్చినను నిప్పు ఇచ్చునా?" అని అడిగితిమి. చట్టమును తప్పించుకొనుటకు డబ్బుగలవారు చేయు ఉపాయమే యిదియని మా మనసునకు తోచినది. ఆమె నొచ్చుకొనలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట కాగితముపై పటము గీసి, రాత్రి పది గంటలవరకు చెప్పెను. మా ఇంటివారు గూడ పరీక్షకాగితములు దిద్దుట మాని వినిరి.

ఆ దేశమున అనేక రాష్ట్రములును పట్టణములును 'ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్' అను నియమావళిని తమ చట్టముగా గైకొన్నవి. ఒక్కొక్క కట్టడమును విడివిడిగా పరిశీలించి నియమమును కొంత సడలించుటకు అందు అగ్నిమాపకాధికారికి అధికారమీయబడినది. కాని ఊరక సడలింపరాదు. ఆ చోట ఆ నియమము ఆచరణకు రాకపోవుటకు ప్రత్యేక కారణము చూపవలెను. నియమముయొక్క ఉద్దేశము చెడరాదు. ప్రాణరక్షణ ఇసుమంతయు తగ్గరాదు. ఇచ్చిన సడలింపు వివరములను దస్త్రములో వ్రాసి యుంచవలెను. అధికారి కాదన్నచో అప్పీలు వినుటకొక సభ కలదు గాని, నియమమును ఎత్తివేయు అధికారము ఆ సభకును లేదు.

ఇది వినగానే మా నాయనగారు వసారాలో కూర్చుండి మాకు మీమాంస చెప్పిన దినములు జ్ఞాపకము వచ్చినవి. యజ్ఞమునకు విధించిన వ్రీహులు దొరకనిచో నీవారధాన్యము వాడవచ్చును; సోమలత దొరకనిచో పూతీకము. దీనికి ప్రతినిధి యని పేరు. ప్రతినిధి అసలుదానిని పోలినదై, దాని పనినే చేయవలెను. కాని దేవతకును, అగ్నికిని, మంత్రమునకును, క్రియకును ప్రతినిధి లేదని జైమినిమహర్షి నిర్ణయము. "మీ చట్టమునందును ప్రతినిధి లేని వస్తువులు కలవా?" యని మేమడుగగా ఆ పిల్ల కొంచెము సేపు ఆలోచించి, "కలవు, పిన్నీ. లోపలివాడు తెరచుకొనగలిగిన తలుపు" అనెను.

ఇటీవల ఆమె వ్రాసిన అర్జీ సంగతి వినుడు. అంగడిలో ఎక్కడ నిలుచున్నవారికైనను బయటి దారి 250 అడుగులకు మించి దూరముండరాదని అక్కడి నిబంధన. ఇదియు కప్పునిండ స్ప్రింక్లర్లున్న కట్టడమునకే. అవి లేనిచో 200 అడుగులే. స్ప్రింక్లర్లనగా కప్పునుండి క్రిందికి దిగు నీటిగొట్టముల కొనలు. వేడి సోకినది మాత్రమే తనంతట తాను విచ్చుకొని నీరు చల్లును. సినిమాలలో చూపునట్లు అన్నియు ఒక్కమారుగా కురియవు. ఈ యంగడిలో నడిమి మూలనుండి కొలువగా 280 అడుగులు వచ్చినది. ప్రక్కగోడ పొరుగు కట్టడమునకు అంటియుండుటచే అటు తలుపు పెట్టుటకు వీలులేదు. కావున ఆ 30 అడుగులకు సడలింపు కోరవలసివచ్చెను.

దానికి ప్రతినిధిగా ఏమి చూపవలెను? ఎత్తయిన కప్పు గనుక పొగ మొదట పైననే నిలుచును. అది మనిషి తలవరకు దిగుటకెంత కాలము పట్టును, ఈలోపల జనులందరు బయటపడుదురా యని లెక్కగట్టవలెను. పొగను పైకి లాగివేయు పంకాలు పెట్టుదుమనిరి. నడవలు వెడల్పు చేయుదుమనిరి. ఆరోగ్యవంతుడు అడ్డులేని చోట సెకనుకు సుమారు 4 అడుగులు నడచునని పుస్తకములలో నున్నదట. ఆ లెక్కన 280 అడుగులకు 70 సెకనులు. "అంకెలు వేసి సంతకము పెట్టబోవుచుండగా మా నాయనమ్మ కనుల ముందర నిలిచినది. మోకాళ్లనొప్పులతో ఆమె అందులో సగమైనను నడువగలదా? లెక్కయంతయు చింపివేసి, ఆమె నడకతో మరల చేసితిని" అని చెప్పెను. మా అత్తగారు ప్రక్కగదిలో నిద్రించుచున్నారు గాని, మెలకువగా నుండినచో ఏమనియుందురో!

నడక యొక్కటియే చాలదు. గంట మ్రోగగానే ఎవరును లేవరు. 1979 మే 8వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున ఊల్‌వర్త్ అంగడి అంటుకొనెను. నురుగుతో చేసిన పరుపులు, సోఫాలు గల భాగమున నిప్పు పుట్టి, నల్లని పొగ నిమిషములలో క్రమ్మివేసెను. ఆ యంగడిలో స్ప్రింక్లర్లు లేవు. పది మంది మరణించిరి. అక్కడి భోజనశాలలో నున్నవారు కొందరు, డబ్బు పెట్టి కొన్న భోజనమును విడిచి లేచుటకు మనసొప్పక జాగు చేసిరట. వారిని మనము నవ్వుటకు వీలులేదు. బేరము కుదిరి, చీర మడత పెట్టించుచుండగా గంట మ్రోగినచో మనలో ఎందరము లేచుదుము? ఆ జాగును గూడ ఆ పిల్ల తన లెక్కలో చేర్చెను.

ఇంతవరకు బాగుగనే జరిగెను. కాని యజమాని రెండవ కోరిక యొకటి కోరెను. వెనుకటి తలుపులనుండి దొంగలు సరకు తీసుకొనిపోవుచున్నారట. అక్కడి చట్టము దొంగల బెడదను ఎరుగనిదికాదు. కొన్ని షరతులతో ఒక విధమగు తాళమును ఒప్పుకొనుచున్నది. తలుపును నెట్టిన వెంటనే గంట మ్రోగును. 15 సెకనులకు తాళము తనంతట తానే ఊడును. స్ప్రింక్లరు పనిచేసినను, కరెంటు పోయినను తక్షణమే ఊడవలెను. ఈ సంగతి తలుపుమీద పలకపై వ్రాసియుండవలెను. ఆ 15 సెకనులను 30 చేయుటకు అధికారి సమ్మతి కావలెను. యజమానికి కావలసినది ఆ 30.

"దీనికి బదులు వారేమిచ్చెదరు?" అని ఆమె తన పై యధికారి నడిగెను. ఇచ్చుటకేమియు లేదు. తాను వ్రాయజాలనని ఆమె చెప్పెను. పరాయిదేశమున, ఉద్యోగమును నమ్ముకొని యున్న పిల్ల అట్లు చెప్పుట సులభము కాదని ఇల్లు నడపు మనకు తెలియును. మా ఇంటివారు, "ఉద్యోగము పోయినచో?" అనిరి. ఆమె బదులు చెప్పక, దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశపు సంగతి చెప్పెను. ఆ దేశపు రాజధాని అసున్సియోనులో 2004 ఆగస్టు 1వ తేదీ ఆదివారమునాడు, మధ్యాహ్నపువేళ, ఇల్లిల్లును పిల్లలతో సరకులకు వచ్చిన సమయమున ఇకువా బోలాన్యోస్ అను పెద్ద అంగడి అంటుకొనెను. డబ్బు చెల్లింపకుండ సరకుతో పోవుదురని తలుపులు మూయించిరని బ్రతికినవారు సాక్ష్యమిచ్చిరి. వందలకొలది మంది మరణించిరి. అంగడివారికి న్యాయస్థానము శిక్ష విధించినది.

ఆమె ఉద్యోగము పోలేదు. ఆ రెండవ అర్జీని ఆఫీసులో మరియొకరు వ్రాసిరి. అధికారి దానిని త్రోసివేసెను. 30 అడుగుల సడలింపు మాత్రమిచ్చెను. ఆ వెడల్పయిన నడవలలో ఎన్నడైనను సరకు పేర్చినట్లు కనబడినచో సడలింపు రద్దగునని వ్రాసెను. ఆ షరతు తాను సూచింపనందుకు ఆ పిల్లకు ఇప్పటికిని కొరతగనే యున్నది.

మన దేశపు సంగతియు అడిగితిమి. 2016నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో, బయటికి పోవు తలుపు లోపలినుండి తాళపుచెవి లేకుండ తెరచుకొనవలెననియే యున్నదట. మన అంగడివారు దీనికి మినహాయింపు కోరిరా యని అడుగనక్కరలేదు. అర్జీ పెట్టుకొనుట అడుగవలెనని తెలిసినవాని పని.

ఆమె తిరిగి వెళ్లిన పిమ్మట మేము ఆ బట్టల అంగడివారికి జాబు వ్రాసితిమి. ప్రత్యుత్తరము లేదు. దసరాకు మరల పోయినప్పుడు గల్లాపెట్టె వద్దనున్న పెద్దమనిషితో, "మీ జాబు వచ్చినదా?" అన్నట్లు కాక, "వెనుక మెట్లు ఖాళీ చేయించితిరా?" అని నేరుగనే అడిగితిమి. ఆయన మమ్ము తేరిపార చూచి, "చేయించితిమమ్మా, వచ్చి చూడుడు" అని తామే తీసుకొనిపోయిరి. మూటలు సగము తీయబడినవి. ఒక మనిషి ప్రక్కవాటుగా దిగవచ్చును. తాళము మాత్రము అట్లే యున్నది. "చెవి ఎవరియొద్ద నున్నది?" అంటిమి. "మేనేజరు వద్ద. ఆయన భోజనమునకు పోయినారు" అనిరి. చీరలను క్రింది అంతస్తునకే తెప్పించి చూపుడని చెప్పి, వీథి తలుపు దగ్గర కూర్చుంటిమి. మాతో వచ్చిన ముగ్గురు స్త్రీలును అక్కడనే కూర్చుండిరి.