గర్భసంచి తీయడమే వైద్యమా?

చర్ల దారిలోని ఒక గూడెంలో మీటింగు పెట్టుకున్నాం. ఒక కోయ అక్క మాత్రం దూరంగా చెట్టు కిందే కూర్చుంది. దగ్గరికి రమ్మంటే రాలేదు. "పదిహేను రోజులైంది, ఇంకా ఆగలేదు" అంది. ముట్టయితే విడిగా ఉండాలి. ముట్టు ఆగకపోతే ఎన్నాళ్లుండాలి? ముప్పై ఏళ్లు కూడా ఉండవామెకు. కనురెప్ప తీసి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. ఊళ్లోకొచ్చే ఆర్.ఎం.పి. గర్భసంచి తీయించుకోమన్నాడట, మేకలు అమ్మే ఆలోచనలో ఉన్నారు. ఆమె చెబుతుంటే నాకు భయమేసింది గానీ ఆశ్చర్యం కలగలేదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మన ఆడవాళ్ల గర్భసంచులు మాత్రమే అంతగా చెడిపోయాయా?

ఎనిమిది రోజులు దాటి బట్ట అవుతున్నా, గడ్డలు పడుతున్నా, నెల మధ్యలో కనిపించినా, ముట్లుడిగాక మళ్లీ కనిపించినా పరీక్ష చేయించాలి. గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్, హార్మోన్ల తేడా, కాపర్ టీ, గర్భస్రావం, కొందరిలో క్యాన్సరు, కారణం ఏదైనా కావచ్చు. ముందు గర్భం ఉందేమో చూడాలి, రక్త పరీక్ష, స్కానింగు చేయాలి. 45 దాటిన వారికి గర్భసంచి లోపలి పొర కూడా పరీక్షించాలి. చాలామందికి ట్రానెక్సామిక్ ఆమ్లం బిళ్లలతోనో, హార్మోన్లతోనో, హార్మోను లూపుతోనో తగ్గుతుంది. ఆపరేషన్ అవసరమైన వాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసుకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారతాయి. కట్టెల మోపు మోసి బతికే మనిషికి అది చిన్న సంగతా?

తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 సర్వే చెప్పింది. అయినా నెలనెలా ఎంత రక్తం పోతోందని అడగకుండానే ఐరన్ బిళ్లలు చేతిలో పెడుతున్నాం. మన కార్యకర్తలమూ అంతే.

సరిహద్దు తిప్పలు వేరే. చింతూరు, కూనవరం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. దగ్గరి పెద్దాసుపత్రి భద్రాచలంలో, చేతిలో కార్డేమో పక్క రాష్ట్రానిది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల్లో చాలామందికి ఏ కార్డూ లేదు.

అనవసర గర్భసంచి ఆపరేషన్లపై కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. మూడు నెలల్లో వాటిని అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. అది ఎన్నిసార్లు కూర్చుంది, నలభై ఏళ్ల లోపు వారి ఆపరేషన్లు ఎన్ని లెక్కకొచ్చాయి అని సమాచార హక్కు కింద దరఖాస్తు రాస్తున్నాం. మీ మండలం నుంచీ ఒకటి పెట్టండి.

ఆ అక్కకు రక్తం ఆరు గ్రాములే ఉంది. రక్తం ఎక్కించారు, మందులు రాశారు. మేకలు ఇంకా అమ్మలేదు.