‘అండి’కి ఇంగ్లీషులో చోటెక్కడ?

మొగల్తూరులో ఎవరినైనా దారి అడిగి చూడండి. జవాబుకన్నా ముందు "ఆయ్" వస్తుంది, మాట మాట చివరా "అండి" వస్తుంది. గోదావరి జిల్లాల మనిషి మన్నన అంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంటుంది. అదే మనిషి ఇంగ్లీషులోకి దిగేసరికి రెండూ జారిపోతాయి. "కొంచెం మంచినీళ్ళిస్తారా అండి" అనాల్సింది "గివ్ మీ వాటర్" అయి కూర్చుంటుంది. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు, కానీ వినేవాడికి పెడసరంగా తగులుతుంది. తెలుగులో మర్యాద క్రియకు అంటుకుని వస్తుంది. ఇస్తావా, ఇస్తారా అన్న చిన్న తేడాలోనే ఎదుటివారి పెద్దరికం తేలిపోతుంది. ఇంగ్లీషు క్రియకు ఆ సదుపాయం లేదు కాబట్టి అక్కడ మర్యాదను వాక్యం మొదట్లో "కుడ్ యూ" అనో, చివర "ప్లీజ్" అనో, గొంతులో కాస్త మెత్తదనంగానో విడిగా పెట్టుకోవాలి. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో లేకపోలేదు. పిల్లలు దాన్ని ఖాళీలు పూరించి దాటేస్తారు, నోటితో ఒక్కసారీ అనరు.

మనవాళ్ళకు ఇంగ్లీషు మాట్లాడటం రాకపోవడానికి మాటల కొరతనో, వ్యాకరణం సరిగా చెప్పకపోవడాన్నో కారణంగా చూపిస్తుంటాం. నాకు ఆ మాట సరిగా అనిపించదు. పదేళ్ళు ఇంగ్లీషు చదివిన పిల్లకు మాటలు చాలానే వచ్చు. రానివి సంభాషణను నడిపే చిన్నచిన్న పనులు: ఊ కొట్టడం, అర్థం కాకపోతే మళ్ళీ అడగడం, సరైన మాట తట్టకపోతే చుట్టు తిప్పి చెప్పడం. మైకేల్ కెనేల్, మెరిల్ స్వెయిన్ అనే భాషాబోధన పండితులు 1980లోనే ఈ నేర్పును వ్యాకరణ జ్ఞానంతో సమానంగా ఒక విడి సామర్థ్యమని లెక్కగట్టారు. తెలుగులో ఇవన్నీ మనకు వెన్నతో పెట్టిన విద్యలు. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే మన ఇళ్ళలో కథే సాగదు. ఫోన్లో అవతలివాళ్ళు ఇంగ్లీషులో చెబుతుంటే మాత్రం మనిషి బిగుసుకుపోయి వింటాడు. ఊ అనడు, ఆఁ అనడు. లైను తెగిందేమోనని అవతలివాళ్ళు "హలో, హలో" అంటారు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, అర్థం కాకపోయినా "యెస్, యెస్" అనేయడం. నర్సు ఉద్యోగానికి వెళ్ళిన అమ్మాయికి మందు మోతాదు "ఫిఫ్టీన్" అని చెప్పారో "ఫిఫ్టీ" అని చెప్పారో సరిగ్గా వినపడకపోవచ్చు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా ఆ రెండిటి దగ్గర తడబడతారు. అప్పుడు "సారీ, ఒన్ ఫైవా, ఫైవ్ జీరోనా?" అని అక్కడికక్కడే తిరిగి అడగగలగాలి. ఆ ఒక్క ప్రశ్న రోగిని కాపాడుతుంది. కర్మణి వాక్యాలు ఎన్ని మార్చినా ఆ ప్రశ్న నోటికి రాదు.

మన రాష్ట్రంలో ఇంగ్లీషు చర్చ అంతా మాధ్యమం చుట్టూనే తిరిగింది. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం 2019 నవంబరులో జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. 2023లో టోఫెల్ పరీక్షల కోసం ఒప్పందం కుదిరింది. ఒక్కో దాని మంచిచెడ్డలు ఒక్కో రకం. అయితే మీడియం మార్చినంత మాత్రాన నోరు పెగలదని చెప్పడానికి కెనడా అనుభవం ఉంది. 1965లో మాంట్రియల్ దగ్గరి సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలకు చదువంతా ఫ్రెంచిలో చెప్పడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి చదివాక ఆ పిల్లలు ఫ్రెంచి వినడంలో, చదవడంలో ఫ్రెంచి పిల్లలకు దగ్గరగా వచ్చారు. మాట్లాడటంలో, రాయడంలో మాత్రం వెనకబడే ఉన్నారు. తరగతిలో టీచరు మాట్లాడతారు, పిల్లలు వింటారు, సొంతంగా నాలుగు వాక్యాలు చెప్పే అవసరమే వాళ్ళకు రాదు అని 1985లో స్వెయిన్ వివరించారు. కెనడాలో ఫ్రెంచి బాగా వచ్చిన టీచర్లున్నా అలా జరిగిందంటే మన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ముందు వ్యాకరణం రాకుండా మాట్లాడిస్తే తప్పులే అలవాటైపోతాయని చాలామంది ఉపాధ్యాయులు అంటారు. ఇది తేలిగ్గా తోసేయాల్సిన మాట కాదు. దానికి జవాబు గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితంలోనే దొరుకుతుంది. పర్లాకిమిడిలో ఉండగా ఆయన సవర భాష నేర్చుకున్నారు. చదువుకోవడానికి ఆ భాషలో పుస్తకాలే లేవు. మాట్లాడేవాళ్ళ దగ్గర విని, తిరిగి పలికి, తప్పులు దిద్దించుకుని నేర్చుకున్నారు. వ్యాకరణమూ నిఘంటువూ రాసింది ఆ తర్వాతే. తెలుగు జిల్లాలకు స్కూళ్ళ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు ఎదురైన చిక్కు కూడా ఇలాంటిదే. పుస్తకాల్లో ఉన్న తెలుగు వేరు, వీధిలో వినపడే తెలుగు వేరు, ఇదేమిటని ఆయన అడిగారు. గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ల వ్యావహారిక భాషోద్యమానికి ఆ ప్రశ్న కూడా ఒక ప్రేరణ. తెలుగు నేర్చుకోబోయిన ఇంగ్లీషువాడి ఇబ్బందే ఇవాళ ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు పిల్లవాడికి వచ్చింది. వ్యాకరణం వద్దని నేననను. మాట్లాడిన పిల్లవాడి మాటను దిద్దడానికి అది బాగా పనికొస్తుంది. నోరు విప్పనివాడి దగ్గర దిద్దడానికి ఏముంటుంది?

ఊళ్ళో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళే లేనప్పుడు ఎవరితో మాట్లాడాలన్నది మరో ప్రశ్న. భాషాబోధన పరిశోధకులు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలోని మామూలు బడుల్లోనే దీన్ని పరీక్షించి చూశారు. వ్యాకరణ పాఠం పక్కన పెట్టి పటాలు, రైళ్ళ వేళల పట్టికలు ఇచ్చి, పిల్లలచేత లెక్కలు తేల్పించారు. మన దగ్గర నరసాపురం బస్టాండు చాలు. భీమవరంలో పది గంటలకు పనుంటే మొగల్తూరులో ఏ బస్సెక్కాలి, నరసాపురంలో ఎంతసేపు ఆగాలి అని బెంచీకి ఇద్దరిచొప్పున ఇంగ్లీషులో తేల్చుకోమనండి. ఎదురుగా దొర ఉండక్కర్లేదు, పక్కనున్న నేస్తం చాలు. నవ్వేవాళ్ళను మాత్రం అదుపులో పెట్టాలి. 2022లో తొండంగి మండలం బెండపూడి జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు అమెరికా యాసలో ఇంగ్లీషు మాట్లాడితే రాష్ట్రమంతా చూసింది. మెచ్చుకున్నవాళ్ళున్నారు, యాసను వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. ఆ అమెరికా యాస అవసరమా అంటే, కాదనే నేనూ అంటాను. ఐఈఎల్టీఎస్ లాంటి పరీక్షల్లో సైతం ఉచ్చారణ దగ్గర చూసేది చెప్పింది స్పష్టంగా అందుతోందా అన్నదే, సొంత యాస ఉన్నందుకు మార్కులు కోయరు. అయినా బెంచీ మీంచి లేచి నిలబడి మాట్లాడిన పిల్లను వెక్కిరించడం పెద్దలు చేయాల్సిన పని కాదు.

ఇంగ్లీషు వస్తే బతుకులు వాటంతటవే బాగుపడతాయని కూడా నేననను. నరసాపురం లేసు అల్లికలు దేశాలు దాటి వెళ్తున్నా అల్లిన ఆడవాళ్ళ చేతికి దక్కేది ఎంత తక్కువో సమాజశాస్త్రవేత్త మారియా మీస్ 1982లో వచ్చిన పుస్తకంలో చూపించారు. అది ఇంగ్లీషు రాకపోవడం వల్ల వచ్చిన దోపిడీ కాదు, ఇంగ్లీషుతో పోయేదీ కాదు. కానీ ఆ ఇంటి పిల్ల రేపు కొనుగోలుదారు ముందు కూర్చుని "ఈ ధర గిట్టదండీ" అని మర్యాదగా, గట్టిగా ఇంగ్లీషులో చెప్పగలిగితే బేరంలో తనకూ ఒక కుర్చీ ఉంటుంది.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలో వంద మార్కుల ఇంగ్లీషు పేపరు మొత్తం రాతే. పరీక్షలో లేనిది తరగతిలో ఉండదు. విద్యాశాఖకు నాదొకటే విన్నపం: ఆ వంద మార్కుల్లో ఇరవై నోటికి ఇవ్వండి.